గ్రుడ్ల గంపకై పుట్టిన కారు

యంత్రము పాతబడిన కొలదియు విలువ తగ్గుట సామాన్యము. కాని కొన్ని యంత్రములు పాతబడిన తరువాతనే ఎక్కువ ప్రేమకు పాత్రములగును. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ నిర్మించిన ‘దూ షవో’ అనెడి చిన్న కారు అట్టిది. దూ షవో అనగా రెండు గుఱ్ఱములు. పన్ను విధించుటకై ఆ దేశములో వాడిన లెక్కనుబట్టి ఆ పేరు వచ్చినది. మొదటి కారు ఇంజను నిజమైన సామర్థ్యము 9 అశ్వశక్తులు.

1930ల దశాబ్దములో ఫ్రెంచి రైతులు పెక్కుమంది ఇంకను గుఱ్ఱపు బండ్లమీదనే సంతకు పోవుచుండిరి. సంస్థను నడపుచుండిన పియేర్ బులాంజే వారికి తగిన కారు కావలెనని తలచెను. ఇద్దరు మనుషులు, 50 కిలోల బరువు, గంటకు 60 కిలోమీటర్ల వేగము, 100 కిలోమీటర్లకు 3 లీటర్ల పెట్రోలు: ఇవి ఆయన షరతులు. గ్రుడ్ల గంపతో దున్నిన చేనిని దాటినను ఒక్క గ్రుడ్డయినను పగులరాదనునది మరియొక షరతు.

1939లో నమూనా కార్లు తయారగునప్పటికి యుద్ధము వచ్చిపడినది. జర్మనుల కంట పడకుండ కొన్నిటిని దాచిరి. తక్కినవానిలో చాలభాగమును నాశనము చేసిరి. 1948 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో కారు వెలువడగా విమర్శకులు పరిహసించిరి. కాని కొనదలచినవారు ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చినది!

గ్రుడ్లు పగులకుండుటకు ఉపాయమేమి? ఒక్కొక్క ప్రక్కన ముందు చక్రమును, వెనుక చక్రమును కారు అడుగునగల స్ప్రింగుల గొట్టముతో కలిపిరి. ముందు చక్రము మిట్ట నెక్కినపుడు ఆ కదలిక గొట్టము ద్వారా వెనుకకు ప్రసరించి, కారు వెనుక భాగమును గూడ కొంచెము పైకెత్తును. అందుచే కారు ముందు వెనుకలకు ఊగుట తగ్గును.

375 ఘన సెంటీమీటర్ల ఇంజనులో రెండు సిలిండర్లు ఎదురెదురుగా పరుండియుండును. పిస్టనులు ఒకదాని కొకటి వ్యతిరేక దిశలలో కదలుటచే అదురు చాలవరకు అణగిపోవును. చల్లబరచుటకు నీరు లేదు, గాలియే చాలును. నీరే లేనిచోట మరగుటయు లేదు, చలికి గడ్డకట్టుటయు లేదు. రెండు సిలిండర్లలోను ఒకేసారి నిప్పురవ్వ పుట్టును. అందులో ఒకటి వ్యర్థమే. అయినను రవ్వను పంచిపెట్టు పరికరము అక్కరలేకపోయినది.

కొన్ని పొదుపులు నవ్వు పుట్టించును. మొదటి కార్లలో అద్దము తుడుచు పుల్లలను వేగమాపకపు తీగయే త్రిప్పెడిది. కారు మెల్లగా పోయిన అవియు మెల్లగా ఆడును. ఆగినచో చేతితో త్రిప్పుకొనవలెను. పెట్రోలెంత యున్నదో పుల్ల ముంచి చూడవలసినదే.

1990 జూలైలో పోర్చుగల్ దేశమున దీని నిర్మాణము ఆగిపోయినది. అప్పటికి 38 లక్షలకు పైగా కార్లు తయారైనవి. దీని పలుచని రేకు ప్రమాదమున నేటి కార్లవలె రక్షింపజాలదు. దీని పొగ నేటి నియమములకు లోబడదు. ఈ లోపములను ప్రేమ పేరిట దాచరాదు.

అయినను యజమానులు దీనిని విడువకుండుటకు ఒక కారణమున్నది. మూత యెత్తి చూచినచో ఏ భాగ మేపని చేయుచున్నదో కంటికి కనబడును. చెడినచో, కొద్దిపాటి పనిముట్లతో చాలవరకు బాగుచేసికొనవచ్చును. నేటి కారు మనలను సుఖముగా మోసికొనిపోవును, కాని తన రహస్యమును చెప్పదు. ఈ ముసలి కారు మాత్రము అడిగినవారికెల్ల తన భౌతికశాస్త్ర పాఠమును విప్పి చెప్పును. దానిని కొన్నవాడు యంత్రముతోబాటు దాని నెరుగు హక్కును గూడ కొన్నవాడగును.