విచారణ (కతోలిక)

ఒక గురువు పాలనలోని కతోలిక విశ్వాసుల సమూహం. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత విచారణలు 1940లో నెల్లూరు నుంచి విడివడిన గుంటూరు మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) కిందివి. వారానికి కేంద్రం ఆదివారపు దివ్యబలి పూజ. గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి, ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కుని ఒకవైపు, మగవాళ్లు మరోవైపు కూర్చోవడం ఇక్కడి పల్లెల్లో పాత అలవాటు. రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత పూజ లాటిన్ నుంచి తెలుగులోకి మారింది. హార్మోనియం, తబలా గాయకబృందంలో కుదురుకున్నాయి. పఠనాలు, ప్రసంగం, సత్ప్రసాదం ముగిశాక ప్రకటనలు: పెళ్లి చాటింపులు, జపమాల ఎవరింట్లో, జబ్బుపడినవారెవరు. ఊరి కబురంతా అక్కడే తెలుస్తుంది. శివారు గ్రామాల్లో గురువు రాని వారం ఉపదేశి, అంటే మతబోధ చేసే విశ్వాసి, ప్రార్థన నడిపిస్తాడు. నిజానికి పల్లె విచారణను నిలబెట్టేది అతడే. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలపు శుక్రవారాల్లో సిలువ మార్గం ప్రార్థన ఉంటుంది.