చేతుల చరిత్ర – 7: పార్టు దొరకని రంపం



పోయిన భాగంలో కపిల బావుల గురించి, ఆ కపిలకు తోలు బాన కుట్టిన మాదిగల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కరెంటు రంపం. కపిల ఎక్కడ, కరెంటు రంపం ఎక్కడ అనుకోవద్దు. రెండిటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే. వస్తువు పాడైతే బాగుచేసే మనిషికి తెలిసినదాన్ని మనం చదువు అంటున్నామా, లేదా?

సెంట్రింగ్ పనివాళ్ల చేతుల్లో మనం రోజూ చూసే గుండ్రటి పళ్లచక్రం మిషను వయసు సుమారు వందేళ్లు. అమెరికాలో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన 1920ల మొదట్లో దాన్ని తయారుచేశాడు. లూసియానాలో కూలీలు పెద్ద కత్తులతో చెరకు నరుకుతుంటే చూసి, ఆ కత్తికి మోటారు తగిలిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడని చెబుతారు. 1924లో జోసెఫ్ సలివాన్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. తర్వాత అది స్కిల్‌సా అయింది. అమెరికాలో చాలామందికి ఆ కంపెనీ పేరే ఈ రకం రంపానికి పేరైపోయింది.

ఈ కథలో పేర్లున్నవాళ్లు ఇద్దరే. చెరకు నరికినవాళ్లకు పేర్లు లేవు. లూసియానా చెరకు తోటల్లో తరతరాలుగా వెన్ను వంచింది ఎక్కువగా నల్లజాతి మనుషులు. 1865లో బానిసత్వం రద్దయినా వాళ్లు ఆ తోటల్లోనే కూలీలుగా మిగిలారు. 1887లో కూలి పెంచమని సమ్మె చేస్తే తిబొడో పట్టణంలో తెల్లవాళ్ల ముఠాలు వాళ్లను కాల్చి చంపాయి. ఎంతమంది పోయారో ఈనాటికీ కచ్చితమైన లెక్క లేదు. పనిముట్టు చరిత్ర చదివేటప్పుడు పేటెంటు ఎవరిదని మాత్రమే అడిగితే సగం చరిత్రే చేతికొస్తుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. మా బాబాయి సెంట్రింగ్ మేస్త్రి. ఆయన దగ్గరున్న కటింగ్ మిషను సెకండ్‌హ్యాండ్‌ది, కొత్తదానికి సగం ధర కూడా పెట్టలేదు. పోయిన ఏడు అది నిప్పులు కక్కుతూ ఆగిపోయింది. సర్వీసు సెంటర్‌కి వెళ్తే, "ఈ మోడల్ ఆగిపోయింది, పార్టులు రావు, కొత్తది తీసుకోండి" అన్నారు. కొత్తది కొనాలంటే అప్పు చేయాలి. మిషను లేకపోతే మేస్త్రిగా వెళ్లినవాడు కూలీగా వెళ్లాలి. మా ఇంట్లో ఆ రెండు మాటల మధ్య తేడా పిల్లల కాలేజీ ఫీజు.

మిషను వైండింగ్ షాపుకి చేరింది. సెలవులు కాబట్టి రెండు రోజులు నేనూ అక్కడే కూర్చున్నాను. పీహెచ్‌డీ చేసేటప్పుడు కూడా అంత శ్రద్ధగా నోట్సు రాసుకోలేదేమో.

విప్పగానే మాస్టారు చూసినవి కార్బన్లు. ఈ రంపాల్లో తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు అందించేది రెండు చిన్న కార్బన్ ముక్కలు. అరిగి పొట్టివైపోతే స్ప్రింగు వాటిని సరిగా నొక్కలేదు, అప్పుడు నిప్పులు లేస్తాయి. అదే కంపెనీ కార్బన్ దొరక్కపోతే అదే రకం కార్బన్‌ని కొంచెం పెద్ద సైజులో తెచ్చి ఉప్పు కాగితం మీద నాలుగు పక్కలా రుద్ది, గూట్లో బిగుసుకోకుండా, వదులుగా ఊగకుండా జారేలా చేస్తారు. చిన్నది తెచ్చి పెట్టకూడదు, ఊగితే మళ్లీ నిప్పులే. మరీ గట్టి రకమైతే రాగి కమ్యుటేటర్‌నే తినేస్తుంది.

తర్వాత బేరింగులు. ఇక్కడే నాకు చరిత్ర కనిపించింది. పాత బేరింగు తుడిస్తే దాని మీద 6201 అని ఉంది. అది రంపం కంపెనీ పెట్టిన నంబరు కాదు. లోపలి కన్నం 12 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 32, మందం 10 అని ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత. ఏ ఊళ్లో అడిగినా, ఏ కంపెనీది తెచ్చినా సరిపోతుంది. రంపం కంపెనీ తన మోడల్‌ని చంపేసినా బేరింగు చావలేదు, ఎందుకంటే ఆ కొలత అందరిదీ.

ఒకప్పుడు ఏ కొలతా ఇలా అందరిదీ కాదు. ఒక కార్ఖానాలో చేసిన బోల్టు ఇంకో కార్ఖానా నట్టుకి పట్టేది కాదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరచుట్లకు ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించాడు. అక్కడి రైల్వేలు దాన్ని అందుకున్నాయి. కొలత ఉమ్మడి ఆస్తి అయినచోట పేదవాడి మిషను బతుకుతుంది. కొలత కంపెనీ రహస్యం అయినచోట మిషను తుక్కుకి పోతుంది.

ఆర్మేచర్ కూడా కాలింది. కొత్తది రాదు కాబట్టి రీవైండింగ్. పాత తీగ కోసే ముందే మాస్టారు అంతా పుస్తకంలో రాసుకున్నాడు: ఎన్ని గాళ్లు, ఒక్కో గాడిలో ఎన్ని చుట్లు, తీగ ఏ గేజి, ఏ కొస కమ్యుటేటర్‌లో ఎన్నో పలకకు వెళ్తుంది. ఒక్క కొస తప్పు చోట కలిపినా మోటారు కాలిపోతుంది. ఆ పుస్తకంలో ఏళ్ల తరబడి రాసిన మోటార్ల లెక్కలున్నాయి. నా దృష్టిలో అదొక గ్రంథం. ఏ యూనివర్సిటీ లైబ్రరీలోనూ ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన సర్దుబాటుకి ఒప్పుకోలేదు. బ్లేడు కింద తెరుచుకుని మూసుకునే గార్డు ఉంటుంది. దాని స్ప్రింగు విరిగి, బాబాయి తీగతో గార్డుని పైకి కట్టేసి వాడుతున్నాడు. "అన్నా, ఇది ఇట్లాగే ఉంటే మిషను ఇవ్వను" అన్నాడు మాస్టారు. కొలత ప్రకారం స్ప్రింగు చుట్టించి, గార్డు టక్కున మూసుకునేదాకా పదిసార్లు చూశాడు. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు అది. వేళ్లకు స్పేర్ పార్టులు లేవు. పార్టు దొరకలేదని ఏది చేయొచ్చో, ఏది చేయకూడదో తెలియడమే ఈ విద్యలో అసలు భాగం.

ఇప్పుడు కపిల బాన గుర్తు తెచ్చుకోండి. బాన చిరిగితే మాదిగ వెళ్లి కుట్టాలి. అది కులానికి అంటగట్టిన బాధ్యత. రేటు లేదు, కాదనే హక్కు లేదు. కళ్లంలో రైతు కొలిచి పోసిందే మేర. వైండింగ్ మాస్టారి గోడ మీద రేట్ల కాగితం అంటించి ఉంది. గార్డు సరిగా లేకపోతే మిషను ఇవ్వను అని ఆయన అనగలిగాడు. రెండూ రిపేరు పనులే, రెండిటికీ నైపుణ్యం కావాలి. కానీ ఒకటి వెట్టి, ఇంకోటి వృత్తి. కులం పనిని విభజించడం కాదు, పనిచేసే మనుషులనే విభజించడం అని అంబేడ్కర్ 1936లో రాసిన మాటకు నాకు దొరికిన ఉదాహరణ ఇది.

ఈ మార్పు దానంతట అది రాలేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ శాఖ అంబేడ్కర్ చేతిలో ఉంది. యుద్ధకాలపు సాంకేతిక శిక్షణ పథకం నడిచింది ఆ శాఖ కిందే. 1950లో క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ మొదలై ఐటీఐలు వచ్చాయి, వాటిలో రిజర్వేషన్ సీట్లు వచ్చాయి. ఏ కులానికీ రాసిపెట్టి లేని పని మోటారు వైండింగ్. మాస్టారు కూడా మా పేట మనిషే, ఐటీఐ చదివినవాడే. ఐటీఐ అంటే చదువు రానివాళ్లు పోయేచోటు అని మన కాలేజీల్లో ఇప్పటికీ నవ్వేవాళ్లకు ఈ చరిత్ర చెప్పండి.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాడిగా ఇంకో మాట. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చారు. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. గొప్ప పని అది. కానీ వైండింగ్ షాపులో, లేత్ షెడ్డులో, సెంట్రింగ్ పనిలో పుట్టిన తెలుగుని ఎవరు పోగుచేయాలి? మనమే. ఎమ్మే తెలుగు విద్యార్థులు ప్రాజెక్టు టాపిక్కుల కోసం వెతుక్కోనక్కరలేదు. మీ వీధిలో రిపేరు షాపు ఉంది.

2022లో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి వస్తువులు, వాహనాలు అని నాలుగు రంగాలు చెప్పింది. కూలి మనిషి పొట్ట నింపే పనిముట్లకు విడిగా చోటు లేదు. పార్టుల కొలతలు, సర్క్యూట్ బొమ్మలు, విప్పే పద్ధతి కంపెనీలు బయటపెట్టాలని, మోడల్ ఆపేశాక కూడా కొన్నేళ్లు పార్టులు ఇవ్వాలని భవన నిర్మాణ కార్మిక సంఘాలు అడగాలి. దళిత సంఘాలు కూడా అడగాలి, ఎందుకంటే సెకండ్‌హ్యాండ్ మిషను కొనేది ఎక్కువగా మనవాళ్లే.

వచ్చే భాగంలో కుట్టు మిషను గురించి. మీ ఇంట్లోనో, మీ పేటలోనో రిపేరు పని చేసేవాళ్లుంటే వెళ్లి వాళ్ల మాటలు రాసి ఉంచండి. వాళ్లను అడిగి, వాళ్ల పేరుతోనే రాయండి.

(ఇంకా ఉంది)