డెబ్బై ఎనిమిది రోజుల సదర్

1969 మే 3న డాక్టర్ జాకిర్ హుసేన్ సాబ్ ఇంతెకాల్ అయ్యారు. పదవిలో ఉండగా కన్నుమూసిన మొదటి రాష్ట్రపతి ఆయనే. ఖాందాన్ ఉత్తరప్రదేశ్‌లోని కాయంగంజ్‌ది అయినా పుట్టింది మన హైదరాబాద్‌లో. అందుకే మన ఇళ్లలో ఆయన జిక్ర్ వస్తూనే ఉంటుంది. ఆ రోజే ఆయన జిమ్మేదారీ తలకెత్తుకున్న తెలుగాయన గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆయనే వరాహగిరి వెంకటగిరి.

మా టేకులపల్లికి దగ్గర్లోనే ఇల్లందు. 1889లోనే బొగ్గు తవ్వకం మొదలైన ఊరు. అక్కడ చాయ్ హోటల్లో కూర్చుంటే యూనియన్ మాట రాకుండా ఉండదు. అందుకేనేమో, గిరి సాబ్ నాకు ముందు మజ్దూర్ లీడర్, తర్వాతే సదర్. 1894లో బరంపురంలో పుట్టారు. వకాలత్ చదవడానికి డబ్లిన్ వెళ్లి, అక్కడి ఆజాదీ పోరాటంతో కలిసిపోయి, 1916లో వెనక్కి రావలసివచ్చింది. తర్వాత రైల్వే కార్మికుల మధ్యే బతికారు. కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యాక, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును సర్కారు మార్చిందని 1954లో ఇస్తీఫా ఇచ్చేశారు. ఉసూల్ కోసం వజారత్ వదులుకునేవాళ్లు అప్పుడూ తక్కువే!

జాకిర్ సాబ్ పోయాక ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి తాత్కాలిక సదర్ అయ్యారు. జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ మీద దస్తఖత్ చేశారు. మర్నాడే ఇస్తీఫా. తానే సదర్ ఎన్నికలో నిలబడ్డారు.

ఉపరాష్ట్రపతి కూడా తప్పుకుంటే ఆ కుర్సీ ఎవరిది? దస్తూర్‌లో దీనికి జవాబు లేదు. ఆ మే నెలలోనే పార్లమెంటు ఖానూన్ చేసి, సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ చూసుకుంటారని చెప్పింది. అలా జస్టిస్ మొహమ్మద్ హిదాయతుల్లా జులై 20 నుంచి ఆగస్టు 24 దాకా సదర్ పని చేశారు. నిక్సన్ ఢిల్లీ వచ్చినప్పుడు మేజ్బాన్ ఆయనే.

ఎన్నికలో కాంగ్రెస్ అధికార అభ్యర్థి కూడా తెలుగువాడే, నీలం సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ మాత్రం జమీర్ చెప్పినట్టు ఓటేయమన్నారు. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. కాంగ్రెస్ ఆ ఏడాదే రెండు ముక్కలైంది.

నాకు అన్నిటికంటే దిల్‌చస్ప్‌గా అనిపించేది బ్యాంకుల కథే. ఆర్డినెన్స్ మీద గిరి దస్తఖత్. దాని స్థానంలో వచ్చిన చట్టం మీద ఆగస్టు 9న హిదాయతుల్లా సాబ్‌ది. కొన్ని నెలలకే ఆ చట్టం చీఫ్ జస్టిస్‌గా ఆయన ఉన్న అదాలత్‌కే వచ్చింది. 11 మంది జడ్జీల బెంచీలో ఆయన లేరు. 1970 ఫిబ్రవరి 10న పదిమంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా చట్టాన్ని కొట్టేశారు. నాలుగు రోజులకే కొత్త ఆర్డినెన్స్ వచ్చింది. దాని మీద దస్తఖత్ మళ్లీ గిరి సాబ్‌దే. ఈసారి పక్కా సదర్‌గా.