అప్‌టైమ్ కుమా

వెబ్‌సైట్లు, సర్వర్లు పనిచేస్తున్నాయో లేదో నిర్ణీత వ్యవధికోసారి పరీక్షించి, ఆగిపోతే వెంటనే కబురు పంపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అప్‌టైమ్ కుమా. హాంకాంగ్‌కు చెందిన లూయిస్ లామ్ 2021లో దీన్ని విడుదల చేశాడు. ఎంఐటీ లైసెన్సు కింద దొరుకుతుంది కాబట్టి ఎవరైనా తమ కంప్యూటర్‌లోనే పెట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. నెలనెలా చందా కట్టే పని లేదు.

పూర్వరంగం

ఈ కథ పింగ్‌తో మొదలవుతుంది. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో ఆ చిన్న ప్రోగ్రామ్ రాశాడు. అవతలి యంత్రాన్ని 'ఉన్నావా' అని అడగడం, 'ఉన్నాను' అన్న జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూడడం, అంతే దాని పని. అయితే యంత్రం పలికినంత మాత్రాన సైట్ నడుస్తున్నట్టు కాదు. ఈఏపీసెట్ ఫలితాల రోజున సర్వర్ పింగ్‌కు బదులిస్తూనే ఉండవచ్చు, ర్యాంకు చూపాల్సిన పేజీ మాత్రం తెల్లగా మిగిలిపోవచ్చు. కాబట్టి పేజీని నిజంగా తెరిచి, అందులో ఉండాల్సిన మాట ఉందో లేదో చూసే సాధనాలు కావలసివచ్చాయి.

ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో విడుదల చేసిన నెట్‌సెయింట్ అలాంటిదే. ట్రేడ్‌మార్కు చిక్కుతో 2002లో అది నాగియోస్ అయింది. లాత్వియాలో పుట్టిన జాబిక్స్ 2001లో బయటికొచ్చింది. రెండూ ఘనమైనవే. కానీ వందల యంత్రాలున్న సంస్థల కోసం అల్లినవి. నాగియోస్‌లో ప్రతి సైట్‌కూ కాన్ఫిగరేషన్ ఫైలు చేత్తో రాయాలి. నాలుగు సైట్లున్న కాలేజీకో, చిన్న వ్యాపారికో అంత సరంజామా దండగ. అలాంటివారికి 2010లో వచ్చిన అప్‌టైమ్ రోబో వంటి ఆన్‌లైన్ సేవలు దిక్కయ్యాయి. దాని ఉచిత ఖాతా అయిదు నిమిషాలకోసారి చూసేది. ఆ మధ్యలో సైట్ పడి లేచినా ఎవరికీ తెలియదు. సొంత సర్వర్‌లో నడుపుకోగల స్టాట్‌పింగ్ ఉన్నా, దాని అభివృద్ధి ఆగిపోయింది. ఆ ఖాళీలోనే లామ్ తన సాధనం రాశాడు.

పనితీరు

నోడ్.జేఎస్ మీద నడుస్తుంది, తెర వ్యూ.జేఎస్‌తో కట్టింది, లెక్కలు ఎస్‌క్యూలైట్ ఫైలులో ఉంటాయి. డాకర్ ఉంటే ఒక్క కమాండ్‌తో మొదలవుతుంది, బ్రౌజర్‌లో 3001 పోర్టులో తెరుచుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్ కూడా చాలు. 20 సెకన్లకోసారి చూడగలదు. టెలిగ్రామ్, ఈమెయిల్ సహా 90కి పైగా మార్గాల్లో కబురు పంపుతుంది. సైట్ సర్టిఫికెట్ గడువు దగ్గరపడినా చెబుతుంది.

చూడడం తేలికే, ఎప్పుడు కేక వేయాలన్నదే కష్టం. గోదావరి జిల్లాల వారికి ఇది కొత్త సంగతి కాదు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. నీరు కాస్త పెరిగిన ప్రతిసారీ ఊళ్లు ఖాళీ చేయమంటే లంకల్లో ఎవరూ కదలరు. అప్‌టైమ్ కుమాలోనూ ఒక్కసారి జవాబు రాకపోగానే సైట్ పోయిందని అనుకోనక్కర్లేదు. ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలో ముందే చెప్పుకోవచ్చు. అప్పటిదాకా అది 'పెండింగ్'లో ఉంటుంది.

అప్‌టైమ్ కుమాలోనే ఉన్న పుష్ పద్ధతి ఇలా వెళ్లి చూసే తీరుకు తలకిందులు. ఇక్కడ సాధనం వెళ్లి అడగదు, అవతలి పరికరమే వేళకు హాజరు వేసుకోవాలి. హాజరు పడకపోతే పోయినట్టే లెక్క. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టున పెట్టే ఆక్సిజన్ మీటరు లాంటి, బయటినుంచి నేరుగా చేరలేని పరికరాలకు ఇదే తగిన పద్ధతి.

పరిమితి

తేలికదనానికి మూల్యం ఉంది. ఇది ఒక్కచోట నిలబడి చూస్తుంది. ఏపీ ఫైబర్‌నెట్ తీగ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే సాగుతుంది. తుపానుకు స్తంభం ఒరిగితే కరెంటు, నెట్ రెండూ పోతాయి. రాజమహేంద్రవరంలోని ఆఫీసు పీసీలో సాధనం ఉండి, అక్కడి లింకు తెగిందనుకుందాం. లోకంలోని సైట్లన్నీ దాని తెర మీద ఎర్రబడతాయి. ఆ తప్పుడు కబురైనా బయటికి పోయే దారి ఉండదు. వేరే ఊళ్లోని అద్దె సర్వర్‌లో పెట్టడమో, ఒకదాన్ని కనిపెట్టడానికి ఇంకొకటి పెట్టడమో చేయాల్సిందే.

ఇది చూపే శాతాలనూ జాగ్రత్తగా చదవాలి. 99.9 శాతం అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాల విరామం. ఆ గంటలు ఎప్పుడు పోయాయో శాతం చెప్పదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి రోజున నీటిమట్టం చూపే పేజీ ఒక్క పూట ఆగినా, ఏడాది లెక్కలో అది కనపడనంత చిన్నది.

రెండో వెర్షన్‌లో మరియాడీబీ కూడా వాడుకునే వీలు వచ్చింది. ఏళ్ల తరబడి పేరుకున్న లెక్కలకు అది అవసరమైంది. ఇదే కోవలో గేటస్ అనేది గో భాషలో రాసినది, తెర మీద కాక ఫైలులో అమరికలు రాసుకునేవారికి నప్పుతుంది. ఆనంద్ చౌదరి 2020లో చేసిన అప్‌టైమ్‌కు (పేరు ఒకటే అనిపించినా ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక 'పి' ఎక్కువ) సొంత సర్వరే అక్కర్లేదు. గిట్‌హబ్ యంత్రాలే దాని తరఫున అయిదు నిమిషాలకోసారి సైట్లను చూసివస్తాయి.