పల్లేరు: కషాయం నుంచి కండల మాత్ర దాకా

ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే అనంతపురం జిల్లాలో, పెన్న ఒడ్డు పామిడి చుట్టుపక్కల, నాలుగు చినుకులకు వేరుశనగ మొలవకపోయినా పల్లేరు మొలుస్తుంది. బీడులో, గట్టు మీద, బాట పక్కన నేలనంటి నలువైపులా పాకుతుంది. ఆకులు చింతాకుల్లా ఉంటాయి. కణుపు దగ్గర ఎదురెదురుగా వచ్చే రెండాకుల్లో ఒకటి పెద్దది, రెండోది చిన్నది. అయిదు రేకుల పచ్చటి పువ్వు కాయగా మారి ఎండితే అయిదు చెక్కలుగా విడిపోతుంది. ఒక్కో చెక్కకు రెండు పెద్ద ముళ్లు, రెండు చిన్న ముళ్లు. ఎటు పడినా ఏదో ఒక ముల్లు పైకే ఉంటుంది కనుక చెప్పుకో, గొర్రె గిట్టకో, సైకిల్ టైరుకో గుచ్చుకుని ఊళ్లు దాటుతుంది. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ దీన్ని ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్ అన్నాడు.

వైద్యంలో దీనికి పేరు తెచ్చింది మూత్రవ్యాధులే. సంస్కృతంలో గోక్షురం అనే పల్లేరును ఆయుర్వేద గ్రంథం చరక సంహిత మూత్రం జారీ చేసే మందుల వర్గంలో చేర్చింది, మూత్రం కష్టంగా, నొప్పితో వచ్చే మూత్రకృచ్ఛ్రానికి శ్రేష్ఠమైనదిగా కూడా లెక్కించింది. దశమూలాలనే పది వేర్ల మందులో దీని వేరుకు చోటుంది. ఎండాకాలం చెమటకే ఒంట్లో నీరంతా పోయే మెట్టసీమలో మూత్రం మంట అరుదైన బాధ కాదు. దానికి విరుగుడు గట్టు మీదే దొరకడం ఈ వాడుక నిలవడానికి బలమైన కారణమై ఉంటుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లోనూ మూత్రపిండాల్లో రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్ తగ్గినట్టు కనిపించింది. మనుషుల విషయంలో అంత గట్టి రుజువు లేదనుకోండి, అయినా పరిశోధన పాత వాడుక దారిలోనే నడిచింది.

మగసిరి, కండబలం అన్న కీర్తి వేరే దారిన వచ్చింది. 1980ల్లో బల్గేరియాలో ఈ మొక్క సారంతో ట్రైబెస్టాన్ అనే మందు వచ్చింది. ఆపైన జిమ్ముల బజారు దాన్ని అందిపుచ్చుకుంది. ఆయుర్వేదంలో మగసిరికి వాడే వాజీకరణ యోగాల్లోనూ గోక్షురం ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది, కాదనను. కానీ అక్కడ అది పాలు, నెయ్యి, మినుముల వంటి పుష్టినిచ్చే వాటితో కలిసి పనిచేసే దినుసు, ఒంటరి మాత్ర కాదు. 2007లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 22 మంది రగ్బీ ఆటగాళ్లను అయిదు వారాలు పరీక్షించారు. పల్లేరు సారం తీసుకున్నవారికి తీసుకోనివారికన్నా బలమూ పెరగలేదు, మూత్రంలో టెస్టోస్టిరాన్ హార్మోన్ నిష్పత్తిలోనూ తేడా రాలేదు. బజారు మాటకు శాస్త్రం అండ ఉందనడానికి ఇక ఆధారం వెతుక్కోవాల్సిందే.

అసలు ఏ పల్లేరన్నది ఇంకో చిక్కు. నువ్వుల కుటుంబానికి చెందిన ఏనుగు పల్లేరునూ ఇదే పేరుతో అమ్ముతారు. దాని కాయకు నాలుగు అంచులు, అంచుకో ముల్లు. ఎండినా చెక్కలుగా విడిపోదు. ఆకును నీళ్లలో కలిపితే నీరు జిగురవుతుంది. రెండూ మూత్రానికి వాడేవే అయినా, ఒకదాని మీద జరిగిన పరీక్షను రెండోదానికి అంటగట్టడం తప్పు. కొనేవాడు పొడిని కాక కాయనే అడగడం మేలు.

అడవి మొక్క కనుక హాని లేదన్న వాదన కూడా నిలవదు. దక్షిణాఫ్రికాలో పల్లేరు మేసిన గొర్రెలకు కాలేయం దెబ్బతిని, ఎండ తగిలితే తల వాచి చర్మం పచ్చబారే జబ్బు వస్తుంది. అక్కడి కాపరులు దాన్ని 'పచ్చ లావు తల' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.