శునకాల్లో గుండె నులిపురుగు: నివారణ, నిర్ధారణ

శునకాల ప్రాణాలకు ముప్పు తెచ్చే గుండె నులిపురుగు వ్యాధి దోమకాటు ద్వారా వ్యాపిస్తుంది. పుదుచ్చేరి ప్రాంతంలోని రెండో పెద్ద చెరువు, దాని ఆయకట్టు వరి పొలాలు గల బాహూరులో దోమలకు అనువైన పరిస్థితులు ఉన్నాయి. వెచ్చని వాతావరణం కారణంగా ఇక్కడ శునకాలకు ఏడాది పొడవునా రక్షణ అవసరం.

ఈ వ్యాధికి డైరోఫైలేరియా ఇమిటిస్ అనే పురుగు కారణం. మనుషుల్లో బోదకాలుకు కారణమయ్యే పురుగు వేరు. దోమకాటుతో శునకంలో ప్రవేశించిన పిల్లపురుగులు ఆరేడు నెలల్లో పెరిగి ఊపిరితిత్తుల ధమనుల్లో, తీవ్ర దశలో గుండె కుడి భాగంలో చేరతాయి. ఆడ పురుగు 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. తొలి నెలల్లో లక్షణాలు కనిపించవు. క్రమేణా దగ్గు, ఆయాసం, నీరసం, బరువు తగ్గడం, పొట్టలో నీరు చేరడం వంటివి బయటపడతాయి.

నిర్ధారణలో ఒక జాగ్రత్త తప్పనిసరి. దక్షిణ భారతంలో శునకాల రక్తంలో కనిపించే సూక్ష్మ ఫైలేరియాలు తరచుగా డైరోఫైలేరియా రెపెన్స్ అనే మరో జాతివి. ఆ పురుగు చర్మం కింద నివసిస్తుంది. దేశంలో గుండె నులిపురుగు ప్రధానంగా ఈశాన్య రాష్ట్రాల్లో నమోదైంది. కాబట్టి రక్తంలో పిల్లపురుగులు కనిపించినంత మాత్రాన గుండె వ్యాధి ఉన్నట్లు కాదు. కనిపించనంత మాత్రాన లేనట్లూ కాదు. ఒక మిల్లీలీటరు రక్తాన్ని 2 శాతం ఫార్మలిన్‌తో కలిపి చేసే నాట్ పరీక్షలో పిల్లపురుగుల కొలతలు, ఆకారం తెలుస్తాయి. ఎదిగిన ఆడ పురుగుల ఆనవాళ్లను యాంటిజెన్ పరీక్ష పసిగడుతుంది. రెండూ కలిపి చేయించడం మేలు. దోమకాటు తర్వాత ఆరు నెలలలోపు చేసిన పరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు.

నివారణకు ఐవర్‌మెక్టిన్, మిల్బెమైసిన్, మాక్సిడెక్టిన్, సెలామెక్టిన్ వంటి మందులు ఉన్నాయి. ఇవి దోమకాటును ఆపవు; అంతకు ముందు నెలలో శరీరంలో చేరిన పిల్లపురుగులను చంపుతాయి. అందువల్ల నెలనెలా ఇచ్చే మందును క్రమం తప్పకుండా ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన శునకానికి ముందుగా పరీక్ష చేయించాలి. రక్తంలోని పిల్లపురుగులు ఒక్కసారిగా చనిపోతే ప్రమాదకరమైన ప్రతిచర్య రావచ్చు.

ఐవర్‌మెక్టిన్ నివారణ మోతాదు కిలో బరువుకు 6 మైక్రోగ్రాములు మాత్రమే. పశువులకు వాడే గాఢమైన ఇంజెక్షన్‌ను అంచనాతో ఇవ్వరాదు. అధిక మోతాదును కోలీ జాతి శునకాలు అసలు తట్టుకోలేవు.

వ్యాధి నిర్ధారణ అయితే శునకాన్ని పరుగెత్తనీయకుండా విశ్రాంతిగా ఉంచాలి. చికిత్సలో చనిపోయిన పురుగులు రక్తనాళాలకు అడ్డుపడే ప్రమాదం ఉంది. అందుకే చికిత్స పూర్తిగా పశువైద్యుల పర్యవేక్షణలోనే సాగాలి. ఇంటి చుట్టూ నీరు నిలవనీయకపోవడం, సాయంత్రం నుంచి శునకాన్ని దోమతెర ఉన్న చోట ఉంచడం మందుకు తోడ్పడతాయి.