కొత్త ప్లాస్టర్ వేసిన ఈత కొలను: తొలి నెల సంరక్షణ

లోపలి ప్లాస్టర్ పూతను కొత్తగా వేయించిన ఈత కొలనును నీటితో నింపి, ఆ నీటిని వాడకానికి సిద్ధం చేసే పనిని పూల్ స్టార్టప్ అంటారు. నీళ్ళు నింపిన నాటి నుంచి ఇది సుమారు 28 రోజులు సాగుతుంది. పూల్ నిండేసరికి మేస్త్రీల పని ముగుస్తుంది. పూత ఏళ్ళ తరబడి నునుపుగా నిలుస్తుందా, త్వరలోనే గరుకెక్కి మరకలు పడుతుందా అన్నది ఆ తర్వాత ఇంటివారు నీటిని ఎలా చూసుకున్నారన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. అమెరికాలో టెక్సస్, అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా రాష్ట్రాల ఇళ్ళ పెరళ్ళలో ప్లాస్టర్ పూల్స్ ఎక్కువ. డాలస్, హ్యూస్టన్ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఇలాంటి పూల్ ఉన్నవారున్నారు.

పూత, దాని రసాయనం

ఇనుప చువ్వల అల్లిక మీద కాంక్రీటును ఒత్తిడితో చిమ్మి పూల్ గోడలు, అడుగు కడతారు. దాని మీద తెల్ల సిమెంటు, చలువరాతి పొడి కలిపి సుమారు అర అంగుళం మందాన పూత వేస్తారు. చలువరాతి పొడికి బదులు క్వార్ట్జ్ రవ్వ గానీ సన్నని గులకరాళ్ళు గానీ కలిపే రకాలూ ఉన్నాయి.

సిమెంటు నీటితో కలిసినప్పుడు పుట్టే కాల్షియం సిలికేట్ హైడ్రేట్ వల్ల పూతకు బలం వస్తుంది. దాంతో పాటు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం కూడా తయారవుతుంది. ఈ సున్నం నీళ్ళలో కరుగుతుంది. తొలి రోజుల్లో పీహెచ్ పదేపదే పెరగడానికీ, గోడల మీద తెల్లని పిండి పేరుకోవడానికీ కారణం ఇదే. నీళ్ళలో మునిగిన గోడను అరచేత్తో రుద్దితే ఆ పిండి పాలపొగలా లేస్తుంది. దాన్ని ప్లాస్టర్ డస్ట్ అంటారు.

కొత్త స్లాబు మీద గట్లు కట్టి నీళ్ళు నిలిపినట్టే, ఇక్కడ కూడా పూత నీటి అడుగునే గట్టిపడుతుంది. అయితే స్లాబుకు తడి ఉంటే చాలు, పూల్‌కు నీటి గుణమూ ముఖ్యమే. కాల్షియం, క్షారత తక్కువగా ఉన్న నీరు ఆ లోటును పూతలోని సున్నంతో పూడ్చుకుంటుంది. అవి సమృద్ధిగా ఉన్న నీటిలో, పైపొరలోని సున్నం బైకార్బనేట్‌తో కలిసి కాల్షియం కార్బనేట్‌గా మారి అక్కడే నిలిచిపోతుంది. నీరు పూతను తింటుందా, దాని మీద పెచ్చు కడుతుందా అని అంచనా కట్టే సూచీని 1936లో విల్‌ఫ్రెడ్ లాంగ్లియర్ ప్రతిపాదించాడు. నీటి సరఫరా గొట్టాల రక్షణకు పుట్టిన ఆ లెక్కే నేడు పూల్ నిర్వహణకు ఆధారం.

నీళ్ళు నింపడం

ప్లాస్టర్ వేసిన వెంటనే, లేదా కాంట్రాక్టరు చెప్పిన గంటకు నింపడం మొదలుపెట్టాలి. గొట్టం చివర మెత్తటి పాత తువ్వాలు చుట్టి, పూల్‌లో అన్నిటికన్నా లోతైన చోట ఉంచాలి. ధార నేరుగా పచ్చి పూత మీద పడితే అక్కడ గుంట పడుతుంది. నిండేదాకా మనుషులు గానీ పెంపుడు జంతువులు గానీ లోపలికి దిగకూడదు.

మధ్యలో ఆపకుండా, అంచు టైల్స్ నడిమి దాకా నింపడం తప్పనిసరి. నీరు సగంలో ఆగితే ఆ మట్టం దగ్గర గోడ చుట్టూ గీత పడుతుంది. అది మళ్ళీ పోవడం కష్టం. నిమిషానికి 35 లీటర్లిచ్చే గొట్టంతో 60,000 లీటర్ల పూల్ నిండడానికి దాదాపు 29 గంటలు పడుతుంది కనుక రాత్రి కూడా చూసుకునే ఏర్పాటు ఉండాలి. ఇంట్లోని వాటర్ సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీటిని వాడకూడదు. అందులో కాల్షియం ఉండదు, కాబట్టి అది పూతకు హాని చేస్తుంది.

నింపే ముందే ఆ నీటి పీహెచ్, క్షారత, కాల్షియం కఠినత్వం, ఇనుము, రాగి పరీక్షించుకోవాలి. బోరు నీటిలో ఇనుము ఉంటే, క్లోరిన్ తగలగానే అది తుప్పుగా మారి తెల్ల పూతకు గోధుమరంగు మరక పడుతుంది. లోహాలను నీటిలోనే పట్టి ఉంచే మందును క్లోరిన్ కన్నా ముందే వేయాలి.

స్టార్టప్ పద్ధతులు

అందరికీ తెలిసిన పద్ధతిలో, పూల్ నిండగానే పంపు, ఫిల్టర్ నడిపి, క్షారతను 80–120 పీపీఎం దగ్గరా, పీహెచ్‌ను 7.2–7.6 దగ్గరా ఉంచుతూ రోజూ కొద్ది కొద్దిగా మ్యూరియాటిక్ యాసిడ్ కలుపుతారు.

బైకార్బ్ పద్ధతిలో వంటసోడాను ముందే నీళ్ళలో కరిగించి, పూల్ నిండుతుండగానే కలిపి క్షారతను 200 పీపీఎం పైకి తెస్తారు. 10,000 లీటర్ల నీటిలో క్షారత 10 పీపీఎం పెరగడానికి 168 గ్రాముల సోడా కావాలి. అంటే 60,000 లీటర్ల పూల్‌లో 100 నుంచి 200కు చేర్చడానికి సుమారు 10 కిలోలు. సున్నం బయటికి పోకుండా పైపొరలోనే గట్టిపడుతుంది కాబట్టి ఈ పద్ధతిలో ప్లాస్టర్ డస్ట్ చాలా తగ్గుతుంది. కొన్ని వారాల తర్వాత యాసిడ్‌తో క్షారతను మామూలు స్థాయికి దించుతారు.

యాసిడ్ ఎక్కువగా పోసి నీటిని కొన్నాళ్ళు ఆమ్లంగానే ఉంచే పద్ధతి ఒకటుంది. డస్ట్ త్వరగా కరిగినా, దానితో పాటు పూత కూడా కరిగి గరుకవుతుంది. కొత్త పూతకు అది తగదు.

ఏ పద్ధతిలోనైనా బకెట్‌లో ముందు నీళ్ళు పోసి, ఆ నీళ్ళలో యాసిడ్ కలపాలి. యాసిడ్‌లో నీళ్ళు పోస్తే అది ఎగజిమ్ముతుంది. యాసిడ్‌నూ క్లోరిన్‌నూ ఎన్నడూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

రోజువారీ పని

మొదటి రెండు వారాలు రోజుకు రెండుసార్లు నైలాన్ బ్రష్‌తో గోడల పై నుంచి కిందికి, ఆ తర్వాత అడుగంతా రుద్దాలి. ఉక్కు తీగల బ్రష్ పూతను గీరేస్తుంది. రేగిన డస్ట్ ఫిల్టర్‌కు చేరేలా తొలి మూడు రోజులైనా పంపును రాత్రింబగళ్ళు నడపాలి. ఫిల్టర్ ఒత్తిడి శుభ్రంగా ఉన్నప్పటికన్నా 8–10 పీఎస్ఐ పెరిగితే కడగాలి. రుద్దకుండా వదిలేసిన డస్ట్ గోడకు అతుక్కుని గట్టి పెచ్చులా మారుతుంది. నెల మొత్తంలో అన్నిటికన్నా మేలు చేసే పని బ్రష్ పట్టడమే.

తొలి రెండు మూడు రోజులు క్లోరిన్ వేయకపోవడం వాడుక. తర్వాత ద్రవ క్లోరిన్‌ను పలుచన చేసి పోస్తారు. ట్రైక్లోర్ బిళ్ళలు ఆమ్లగుణం గలవి కనుక వాటిని పచ్చి పూత మీద పడేయకూడదు. డస్ట్ పూర్తిగా పోయేదాకా హీటర్ వేయకూడదు. వేస్తే వేడికి కాల్షియం విడివడి హీటర్ లోపల పేరుకుంటుంది. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే యంత్రం ఉన్నవారు 28 రోజుల దాకా ఉప్పు వేయరు. చక్రాల క్లీనర్లనూ అప్పటిదాకా దించరు. నీరు తేటపడి, పీహెచ్, క్లోరిన్ సరైన స్థాయికి వచ్చాక ఈతకు దిగవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో అపార్ట్‌మెంట్, హోటల్ పూల్స్‌కు ప్లాస్టర్ కన్నా టైల్స్ పరచడం ఎక్కువ. అయితే టైల్స్ సందులను సిమెంటు గ్రౌట్‌తో పూడ్చినచోట ఈ రసాయనమే వర్తిస్తుంది. కాల్షియం లేని నీరు ఆ గ్రౌట్‌ను క్రమంగా తినేస్తుంది. కఠినత్వం ఎక్కువున్న బోరు నీటితో నింపే చోట్ల పెచ్చు కట్టడమే పెద్ద సమస్య కాబట్టి పీహెచ్ పెరగకుండా చూసుకోవాలి.

పరీక్ష ఫలితాలు, వేసిన మందులు, వాటి మోతాదు తేదీలతో సహా ఒక పుస్తకంలో రాసి ఉంచుకోవడం ఇంటి యజమానికి రెండు విధాలా మేలు. రేపు ఎంత యాసిడ్ కావాలో ఈరోజు అంకె చెబుతుంది. ముందుముందు పూత పాడైతే, లోపం పనితనంలో ఉందా, నీటిలో ఉందా అని తేల్చడానికి కాంట్రాక్టరు ముందు పెట్టదగిన ఆధారం కూడా అదే.